ఆ చప్పట్లు ఉండనీ

పాట వినడం వేరు, కచేరీ వినడం వేరు. ఈ మాట సంగీతం తెలిసినవాళ్లు చెబితే నిండుగా ఉంటుంది. నాకు సంగీతం రాదు. చిన్నప్పుడు 3 నెలలు సరళీస్వరాలు చెప్పాక మా మేష్టారే మా నాన్నగారిని పక్కకి పిలిచి, “అమ్మాయికి కుట్టుపని నేర్పించండి, రాణిస్తుంది” అని మర్యాదగా తప్పుకున్నారు. అయినా ఈ విషయంలో నాకూ మాట్లాడే హక్కుందని నా నమ్మకం. 40 ఏళ్ల పైబడి ఒక్కటే కచేరీ వింటున్నదాన్ని మరి! ఆ కచేరీకి నేను వెళ్లలేదు. మా చోడవరంనించి ఎవరూ వెళ్లలేదు. అది అమెరికాలో, 1971లో జరిగింది. పాడినవారు ఘంటసాల వెంకటేశ్వరరావుగారు.

ఆ కచేరీ మా ఇంటికి క్యాసెట్టు రూపంలో వచ్చింది. మావారి స్నేహితుడి అన్నగారు ఆ దేశంలో ఇంజనీరు. ఆయన తెచ్చినదానికి అనకాపల్లిలో ఎవరో కాపీ తీసుకుంటే, దానికి మావారి స్నేహితుడు కాపీ తీసుకున్నాడు. దాన్నించి మావారు తీసుకున్నారు. అంటే మాది మునిమనవరాలన్నమాట. అట్టమీద మావారి అక్షరాలతో “ఘంటసాల – అమెరికా – 1971” అని తప్ప ఏ ఊరో, ఏ తారీఖో రాసి లేదు. 60 నిమిషాల క్యాసెట్టు. పక్కకి అరగంట. మొదటి పక్క అయిపోయేసరికి ఆయన ఒక పద్యం మంచి పట్టులో ఉంటారు. అక్కడ ఠక్కున ఆగుతుంది. లేచివెళ్లి తిరగేసి పెట్టేసరికి రెండో పక్క ఆ పద్యం అయిపోయి చప్పట్లతో మొదలవుతుంది. ఆ మధ్యలో పోయిన ముక్క ఏమిటో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. ఎవరి ఊహని బట్టి వాళ్లం పూరించుకున్నాం.

ఘంటసాలగారు పుట్టింది 1922లో, గుడివాడ దగ్గర చౌటపల్లిలో. కానీ మా ఉత్తరాంధ్రలో ఆయన్ని పరాయివాడని ఎవరైనా అంటే ఊరుకోరు. ఆయన సంగీతం చదువుకున్నది విజయనగరంలో. చేతిలో డబ్బు లేక, జోలె పట్టి ఇంటింటా మధుకరం ఎత్తుకుని, ఆ అన్నం తిని చదువుకున్నారు. ఆయనకి పాఠం చెప్పిన పట్రాయని సీతారామశాస్త్రిగారు సాలూరువారు. ఆ గురువుగారి అబ్బాయి సంగీతరావుగారే తరవాత ఏళ్లతరబడి ఘంటసాలగారి పక్కన హార్మోనియం వాయించారు. ఆ సంగీతరావుగారు 2021లో, నూరేళ్లు నిండాక కన్నుమూశారు. మా అత్తగారిది విజయనగరమే. “ఆ మధుకరం అన్నంలో మా అమ్మ చేతి ముద్ద కూడా ఉండే ఉంటుంది” అనేవారు ఆవిడ. ఉందో లేదో చెప్పడానికి సాక్షులు లేరు. కానీ ఆవిడ ఆ మాట ఎంత ధీమాగా అనేవారంటే, ఘంటసాలగారి ప్రతి పాటలోనూ మాకు పావలా వాటా ఉన్నట్టే ఉండేది.

ఇంత అభిమానం ఉన్నావిడ ఆయన కచేరీ ఒక్కటీ చూడలేదు. నేనూ చూడలేదు. నేను 1976లో కాపరానికి వచ్చేసరికే ఆయన పోయి రెండేళ్లు. ఆయన ఉన్న రోజుల్లో మాత్రం ఆడవాళ్లకి కచేరీలు ఎక్కడ కుదిరాయి చెప్పండి! కచేరీ పట్నంలో. మొదలయ్యేది రాత్రి, ముగిసేది అర్ధరాత్రి. చివరి బస్సు అంతకుముందే వెళ్లిపోతుంది. మగవాళ్లయితే ఏ అరుగుమీదో తువ్వాలు పరుచుకుని పడుకుని, తెల్లవారి మొదటి బస్సుకి ఎర్రటి కళ్లతో దిగేవాళ్లు. మనం పిల్లల్ని ఎవరికి అప్పగించి వెళ్తాం? తెల్లారి పాలు ఎవరు తీయించుకుంటారు? ఊళ్లో చవితి పందిట్లోనో, శివరాత్రికో ఏదైనా కార్యక్రమం పెడితే వెనకవైపు మాకో తాడు కట్టేవారు. ఆ తాడు దగ్గర నిలబడి, చంకలో పిల్లని జోకొడుతూ విన్నదే మా సంగీతజ్ఞానం. స్వయంభూ విఘ్నేశ్వరుడి గుడి మైకులోంచి గాలివాటాన వచ్చినన్ని పాటలు వచ్చేవి, మిగతావి చెరుకుతోటలమీదుగా పోయేవి.

అందుకే ఆ క్యాసెట్టు మాకు పాటలపెట్టె కాదు, టిక్కెట్టు.

రికార్డులు అంతకుముందే ఉన్నాయి. కానీ రికార్డు పాట వేరు. 78 తిరుగుళ్ల పాత రికార్డులో పక్కకి మూడు, మూడున్నర నిమిషాలే పడతాయి. అందులో పల్లవి, చరణాలు, వాయిద్యాలు అన్నీ ఇమడాలి. గాయకుడికి గొంతు సవరించుకునే వ్యవధి కూడా ఉండదు. ఎవరు తప్పు చేసినా మళ్లీ మొదటినించి పాడి, తప్పులేనిదాన్ని మాత్రమే మనకిచ్చేవారు. పెళ్లిచూపుల్లో కూచోబెట్టిన పిల్లలాగ ఉంటుంది రికార్డు పాట. అందమే, కాదనను. కానీ ఆ పిల్ల ఇంట్లో ఎలా నవ్వుతుందో తెలియదు కదా!

కచేరీ క్యాసెట్టులో ఆయన మన ఇంట్లో మనిషి. పాటకి ముందు మెల్లగా రెండు మాటలు చెబుతారు. గొంతు సవరించుకుంటారు. హార్మోనియం ఒకసారి మూలిగి శ్రుతి అందుకుంటుంది. ఎవరో దగ్గుతారు. ఎవరో “ఆహా” అంటారు, పక్కవాళ్లు “ష్” అంటారు. పద్యంలో రాగం సాగదీస్తూ ఎక్కడికో వెళ్లి, ఇక రారేమో అనుకుంటుండగా తిరిగి వచ్చి నిలబడతారు. అప్పుడు చప్పట్లు!

ఆ చప్పట్ల గురించి మా అత్తగారు ఒక మాట అనేవారు. “చూశావుటే, వాన పడ్డట్టు ఎలా కొడుతున్నారో! దేశంకాని దేశంలో తెలుగుమాట వినక ఎంత ఎండిపోయి ఉన్నారో పిల్లలు!” ఆవిడకి చరిత్ర తెలియదు గాని, నిజం తెలుసు. 1965లో అమెరికావాళ్లు వలస చట్టం మార్చాక మన డాక్టర్లూ, ఇంజనీర్లూ ఒక్కొక్కరే వెళ్లడం మొదలైంది. 1971కి అక్కడ తెలుగు కుటుంబాలు ఊరికి కొన్ని ఉంటే గొప్ప. తెలుగువాళ్లంతా కలిసి తానా అని పెట్టుకుని న్యూయార్కులో మొదటి మహాసభ జరుపుకున్నది కూడా 1977లో. ఫోన్లో మాట్లాడాలంటే కాల్ బుక్ చేసుకుని కాసుక్కూచోవాలి. ఉత్తరం రావడానికి రోజులు పడుతుంది. అలాంటి చోటికి ఘంటసాల గొంతు నడిచివస్తే చప్పట్లు కొట్టరా మరి! అంతకుముందు ఏడాది, 1970 ఫిబ్రవరి 1న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో ఆయన రజతోత్సవానికి 30 వేలమందికి పైగా వచ్చారు. ఆ 30 వేలమంది చప్పట్లు ఎలా ఉంటాయో నాకు తెలియదు. ఈ హాల్లోవాళ్లు అంతలో ఎన్నో వంతు ఉంటారో! కానీ వీళ్లు రెండు చేతులతో కాదు, ప్రాణంతో కొట్టినట్టుంటుంది.

మా ఉత్తరాంధ్రలో పద్యనాటకాలకి ఒక ఆచారం ఉంది. పద్యం నచ్చితే జనం “వన్స్ మోర్” అని అరుస్తారు. నటుడు మళ్లీ పాడాలి. చచ్చి పడిపోయిన పాత్ర కూడా లేచి, పద్యం పాడి, మళ్లీ చచ్చిపోయిన సందర్భాలున్నాయని చెప్పుకుంటారు. ఆ కేక మగవాళ్ల హక్కు. తాడు వెనకాల ఆడవాళ్లు ఒక్కనాడైనా “వన్స్ మోర్” అన్నారా? అంటే ఇంకేమైనా ఉందా!

టేప్ రికార్డరు వచ్చాక మా అత్తగారికి ఆ హక్కు దక్కింది. వెనక్కి తిప్పే మీట ఏదో ఆవిడ ఒక్కరోజులో నేర్చుకున్నారు. చేతికి పిండి అంటుకుని ఉంటే వంటింట్లోంచే “వన్స్ మోర్!” అని కేకవేసేవారు. నేను వెళ్లి తిప్పేదాన్ని. ఎంత తిప్పాలో అంచనాయే. ఒక్కోసారి ఎక్కువ వెనక్కి పోయి ముందుపాట సగంలో తేలేది. “పోనీలే, అదీ విందాం” అనేవారు. కరెంటు పోతే బ్యాటరీలు. బ్యాటరీలు నీరసిస్తే ఘంటసాలగారు నీరసించి, నిద్రమత్తులో ఉన్నట్టు పాడేవారు. అప్పుడు బ్యాటరీలు తీసి మేడమీద ఎండలో వడియాల పక్కన పెట్టేవాళ్లం. టేపు బయటికొచ్చి చుట్టుకుంటే పెన్సిలు దూర్చి ఓపిగ్గా చుట్టడం మా చిన్నాడి ఉద్యోగం.

ఆ క్యాసెట్టులో మా అత్తగారు ప్రత్యేకంగా కనిపెట్టుకుని ఉండే చోటు ఒకటుంది. రెండో పక్క మూడోపాట మధ్యలో ఒక పసిపిల్ల ఏడుపు వినిపిస్తుంది. ముందు కుయ్యిమంటుంది, తరవాత గుక్కపెడుతుంది. ఆ ఏడుపు మెల్లగా దూరమవుతుంది. తలుపు మూసిన చప్పుడు. పాట మాత్రం సాగుతూనే ఉంటుంది. అది వచ్చినప్పుడల్లా ఆవిడ చేతిలో పని ఆపి, “ఆ పిల్లతల్లి పాట పోగొట్టుకుంది పాపం” అనేవారు. ప్రతిసారీ అనేవారు. ఒకసారి నేను నవ్వి, “అత్తయ్యా, ఆవిడ ఎవరో, ఎక్కడో! మీకెందుకండీ అంత బాధ?” అంటే, “ఎవరైతేనేమే, బయటికెళ్లిపోయింది మనమే కదా” అన్నారు. నేను మళ్లీ నవ్వలేదు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. మావారూ లేరు. మా చోడవరం విశాఖ జిల్లాలోంచి 2022లో అనకాపల్లి జిల్లాలోకి మారింది. టేప్ రికార్డర్లు పాతసామాన్లవాళ్ల బండి ఎక్కాయి. మాది మాత్రం నేను ఎక్కించలేదు.

ఈమధ్య ఒకరోజు పొద్దున్నే ఆ క్యాసెట్టు పెట్టుకుని వింటున్నాను. మా పనమ్మాయి గేటు దగ్గరే ఆగిపోయింది. చీపురు కూడా ముట్టుకోకుండా, “ఏటమ్మా, ఎవలు పోయేరు?” అంది భయంగా.

నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. తప్పు ఆ పిల్లది కాదు. ఘంటసాలగారు పాడిన భగవద్గీత ఆయన 1974 ఫిబ్రవరి 11న కన్నుమూశాక విడుదలైంది. గుళ్లలో వేశారు, ఇళ్లలో వేశారు. రానురాను ఎవరైనా పోయిన ఇంటిముందు వెయ్యడం రివాజయింది. ఇప్పుడు అంతిమయాత్ర బండికి కూడా ఆ గొంతే. ఈనాటి పిల్లలకి ఆ గొంతు వినబడిందంటే వీధిలో ఎవరో పోయారని గుర్తు. ఆయన 51 ఏళ్లు బతికారు. ఆ 51 ఏళ్లలో ప్రేమగీతాలు పాడారు, అల్లరిపాటలు పాడారు, తాగుబోతు పాటలు పాడారు, పసిపిల్లల్ని నిద్రపుచ్చారు. అదంతా పోయి, మా వీధిలో ఆయన చావుకబురు చెప్పే మనిషిగా మిగిలారా! ఆ రోజంతా నాకు మనసు మనసులో లేదు. పనమ్మాయిని కూచోబెట్టి చప్పట్లు వచ్చే చోటు వినిపించాను. “ఓలమ్మ, ఈయన బతికున్నప్పుడు పాడినదా!” అంది. అవునే తల్లీ, బతికున్నప్పుడు పాడినదే.

ఆ వారమే మా అక్కకొడుకు విశాఖనించి వచ్చాడు. కంప్యూటర్ల ఉద్యోగం. 40 దాటినా మాకు గుంటడే. క్యాసెట్టు అరిగిపోతోందిరా, ఏదైనా చెయ్యమన్నాను. టేపుమీద ఉండేది తుప్పులాంటి ఇనుపపొడి పూత అనీ, ఏళ్లు గడిచేకొద్దీ అది రాలుతుందనీ, ఇంక ఆలస్యం చెయ్యకూడదనీ చెప్పి తీసుకుపోయాడు.

పదిరోజులకి ఫోన్లోకి పాటలు పంపించాడు. “విను పిన్నీ, అద్దంలా చేశాను” అన్నాడు. ఇప్పుడు గొంతు, వాయిద్యాలు, మిగతా రొద విడివిడిగా విడదీసే పద్ధతులు వచ్చాయట. విన్నాను. నిజం చెప్పొద్దూ, మొదట ఒళ్లు జలదరించింది. ఆ గొంతు అంత స్వచ్ఛంగా ఎన్నడూ వినలేదు. రెండో పక్క మూడోపాట వచ్చింది. మధ్యదాకా వచ్చింది. ఏడుపు లేదు. తలుపు చప్పుడు లేదు. పాట అయిపోయాక చప్పట్లు కూడా లేవు. ఘంటసాలగారు ఖాళీహాల్లో ఒక్కరే పాడుకుని, ఎవరూ లేరని చూసుకుని ఊరుకున్నట్టుంది.

వెంటనే ఫోన్ చేశాను. “చప్పట్లు ఏం చేశావురా?” అన్నాను.

“అది నాయిస్ పిన్నీ! కంప్యూటరుకి చప్పట్లూ, టేపు సొదా ఒకలాగే కనిపిస్తాయి. సొద తీస్తే చప్పట్లు నీళ్లలో మునిగినట్టయిపోయాయి. అందుకని మొత్తం తీసేశాను.”

“మరి ఆ పసిపిల్ల?”

“ఏ పసిపిల్ల?” అన్నాడు వాడు.

ఆదివారం వాడే వచ్చాడు. అమ్మమ్మతరం చాదస్తం అనుకుంటాడేమో అనుకున్నాను గాని, వాడు నిశ్శబ్దంగా అంతా విని, తనకిష్టమైన రికార్డు గురించి చెప్పుకొచ్చాడు. ఇంగ్లండులో రాక్ సంగీతం పాడే ఒక బృందం ఉందట. పేరేమిట్రా అంటే “హూ” అన్నాడు. “అడిగితే హూంకరిస్తావేమిట్రా?” అన్నాను. “పేరే అది పిన్నీ, ద హూ!” అన్నాడు. వాళ్లు 1970 ఫిబ్రవరి 14న లీడ్స్ అనే ఊళ్లో, విశ్వవిద్యాలయం విద్యార్థులు భోంచేసే హాల్లో కచేరీ చేశారట. మన హైదరాబాదు రజతోత్సవానికి సరిగ్గా 13 రోజుల తరవాత! ఆ కచేరీని “లైవ్ ఎట్ లీడ్స్” అని ఆ ఏడే రికార్డుగా తెచ్చారు. పచారీకొట్టు పొట్లంలాగ గోధుమరంగు అట్ట, దానిమీద ముద్ర కొట్టినట్టు పేరు. ఆ టేపులో చిటపటలు పడ్డాయట. పడితే పడనివ్వండి, సరిచెయ్యవద్దని రికార్డుమీద చేతిరాతతో రాసి మరీ అమ్మారట! 50 ఏళ్లు దాటినా దాని అభిమానులు అదే గొప్ప కచేరీ రికార్డని వాదించుకుంటూనే ఉంటారట.

“చూశావా, వాళ్లకి తెలుసు” అన్నాను విజయగర్వంతో.

“ఉండు పిన్నీ. 1995లో సీడీ వేసినప్పుడు ఆ చిటపటలు వాళ్లే తీసేశారు. తీసేశామని దానిమీద రాశారు కూడా” అన్నాడు వాడు. చదువుకున్న పిల్లలతో ఇదే చిక్కు. గెలిచాం అనుకునేసరికి ఇంకో కాగితం తీస్తారు.

కాసేపు ఆలోచించాను. “చిటపట తీస్తే తియ్యనీరా. అది యంత్రం చేసిన చప్పుడు. మనుషులు చేసిన చప్పుడు తీశారా?” అన్నాను.

వాడు తల గోక్కుని, “లేదు. జనం ఉన్నారు” అన్నాడు.

అక్కడ మాకు రాజీ కుదిరింది. టేపు అడుగున గుయ్యిమనే మోత కొంచెం తగ్గించాడు. దగ్గులూ, “ఆహా”లూ, చప్పట్లూ, తలుపు చప్పుడూ అన్నీ యథాస్థానంలో ఉంచాడు. పసిపిల్ల ఏడుపు ఎక్కడుందో నిమిషాలతో సహా రాసుకుని, అక్కడ చెయ్యి పెట్టలేదని నాకు చూపించాడు. ఆ అద్దంలాంటి కాపీ కూడా ఉంది. గొంతు గొప్పతనం ఎవరికైనా చెప్పాలంటే అది వినిపిస్తాను. నాకు వినాలనిపిస్తే మాత్రం ఇదే. మొదటి పక్క చివర తెగిపోయిన పద్యాన్ని ఎక్కడినించైనా తెచ్చి అతికిస్తానన్నాడు గాని, వద్దన్నాను. ఆ ఖాళీలో మావారు తనకి తోచినట్టు పాడి పూర్తిచేసేవారు. ఆ చోటు ఆయనది.

మీ ఇళ్లలోనూ ఇలాంటి క్యాసెట్లు ఉండే ఉంటాయి. ఏ హరికథో, ఏ నాటకమో, ఏ పెళ్లిలో నాదస్వరమో. బీరువా అడుగున పాత శుభలేఖల కింద వెతకండి. బాగుచేసే పిల్లాడికి ఇచ్చేటప్పుడు ముందే గట్టిగా చెప్పండి. పాడినవాళ్ల పాట మరోచోట దొరకవచ్చు. విన్నవాళ్లు మాత్రం ఆ ఒక్క టేపులోనే ఉన్నారు.

ఆ హాల్లో ఏడ్చిన పసిపిల్లకి ఇప్పుడు 50 దాటి ఉంటాయి. తను ఘంటసాల కచేరీలో ఉన్న సంగతి ఆమెకి తెలుసో, లేదో! ఆ తల్లి మాత్రం తలుపవతల నిలబడి, పిల్లని భుజాన వేసుకుని జోకొడుతూ, లోపలినించి పాట ఎంతవరకు వినిపిస్తుందా అని చెవి ఒగ్గే ఉంటుంది. పాట సగమే దక్కినా, చప్పట్లు మాత్రం ఆవిడకి తప్పక వినిపించి ఉంటాయి.